మా అత్తయ్య తిప్పి ఇచ్చిన సగం

మొన్న శనివారం మా అపార్టుమెంటు ఆడవాళ్ళు నలుగురు కలిసి వచ్చి, కార్తీకమాసం నెల్లాళ్ళూ కింద హాల్లో భజన పెట్టుకుంటున్నామనీ, అందరికన్నా పెద్దదాన్ని కాబట్టి రోజూ సాయంత్రం నేనే వచ్చి నడిపించాలనీ అడిగారు. "మీరు కాదనకూడదండీ" అని ముందే కట్టేశారు కూడా. నేను కాదనలేదు. "పదిహేను రోజులు వస్తానమ్మా. మిగతా పదిహేనూ మీలో ఎవరో ఒకరు నడపండి" అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కాఫీ తాగి, నవ్వుకుంటూనే వెళ్ళారు. లోపల్నుంచి వింటున్న మా కోడలు వచ్చి నా పక్కన చతికిలబడింది. పాపం, పొద్దున్న కాలేజీలో పాఠాలు, సాయంత్రం మళ్ళీ ఎవరి పిల్లలకో పాఠాలు, ఆదివారం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి పులిహోర తనే కలపాలి. ఈ విజయవాడలో దానికి తెలిసినవాళ్ళు ఎంతమందో దాని పనులు అన్ని. "ఎలా అన్నారత్తయ్యగారూ అంత మాట? నాకైతే నోరు రాదు" అంది. నాకూ పుట్టుకతో వచ్చిన నోరు కాదిది, మా మేనత్త నేర్పిందే అన్నాను. ఆవిడ మాత్రం ఎక్కడ నేర్చుకుందంటే, సాక్షాత్తు ఆ పానకాలస్వామి దగ్గర.

మాది మంగళగిరి. నేతవాళ్ళ ఇల్లు. నేను చెప్పేవి యుద్ధం రోజులు. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోందని మగవాళ్ళు అరుగుల మీద చెప్పుకునేవాళ్ళుగాని, మా వీధిలోకి మాత్రం అది నూలు కరువై వచ్చింది. నూలు ఉంటే పొద్దు పొడవకముందే వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులోనే మేం నిద్ర లేచేవాళ్ళం, పళ్ళు తోముకునేవాళ్ళం, పోట్లాడుకునేవాళ్ళం. నూలు లేదూ, వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే పక్క వీధిలో ఎవరింట్లో పోపు వేశారో వినబడేది. అందరూ బెజవాడ వైపు నుంచి వచ్చే రైలు కోసం చూస్తూ కూర్చునేవాళ్ళు. నూలు మూటలు దిగిన రోజున అన్ని ఇళ్ళకూ ఒకేసారి దిగేవి, అందరికీ ఒకే పని ఒకేసారి పడేది. మా అత్తయ్యకు చిక్కు వచ్చింది అక్కడే.

అత్తయ్య మా నాన్నకు అక్క. మా రెండిళ్ళకూ మధ్యగోడ ఒక్కటే, దొడ్లో గోడకు తలుపు కూడా ఉండేది. దానికి గడియ ఉన్నట్టు నాకు గుర్తు లేదు. ఆవిడకు పిల్లల్లేరు. ఆ లోటు నాతో తీర్చుకుందో, నన్ను చూసి అసలు లోటే లేదనుకుందోగాని, నా జడ, నా జ్వరం, నా అలక అన్నీ ఆవిడవే. పడుగు అతకడంలో ఆవిడ చేతికి మా వీధిలో సాటి లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మగ్గం మీద నిలువుగా ఉండే పోగులను పడుగు అంటారు. పాత పడుగు నేసేశాక, మిగిలిన ఒక్కొక్క పోగు కొసకీ కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును అతకాలి. వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి. అలా చీర వెడల్పు పొడుగునా, వరస తప్పకుండా. అత్తయ్య మెలిపెడుతుంటే వేళ్ళు కనిపించేవి కాదు, పెదాలు మాత్రం కదిలేవి. ఒక్కో పోగుకి ఒక్కో నరసింహ నామం.

అంత గొప్ప చేతులకు తోడు దేవుడు ఆవిడకు ఒక బలహీనత కూడా ఇచ్చాడు. ఎవరేం అడిగినా "ఆఁ, వస్తాలే" అనేది. పడుగే కాదు. ఎవరింట్లో ఆవకాయ కలపాలన్నా, బాలింతకు పథ్యం వండాలన్నా, పెళ్ళివారి వాకిట్లో ముగ్గు వెయ్యాలన్నా గుమ్మంలోంచే కేక వేసేవాళ్ళు, ఈవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే "ఆఁ, వస్తాలే" అనేది. ఆ మాట ఎంతమందికి ఇచ్చిందో తెల్లారాక వాళ్ళంతా వాకిట్లో నిలబడితేగాని ఆవిడకే తెలిసేది కాదు. అందరి పడుగులూ అయ్యాక వచ్చే వంతు మా మామయ్యది. ఆయన మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని, ఖాళీ మగ్గం ముందు చుట్ట కాల్చుకుంటూ, "ఏమే, ఈ వీధిలో నాక్కూడా ఓ మగ్గం ఉందని నీకెవరైనా చెప్పారా?" అని అడిగేవాడు. "వస్తాలేవయ్యా" అనేది అత్తయ్య, ఎదురింటికి పోతూ.

ఇందులో నా గోడు ఒకటి ఉంది. మా వీధి ఆడపిల్లలు బడికి పోయేవాళ్ళు కాదు. రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టడానికి మా చిన్న చేతులే సరిపోయేవి. మా తాతయ్య మాత్రం, ఎందుకు బుద్ధి పుట్టిందో, కూతురికి అక్షరాలు నేర్పాడు. కొడుక్కి, అంటే మా నాన్నకి, నేర్పుదామనుకునేలోపే మగ్గం మీద మనిషి కావాల్సి వచ్చి ఎనిమిదో ఏట గుంటలోకి దింపాడట. తాతయ్య భజన గుంపుకి పెద్ద. తనకు తెలిసిన పాటలన్నీ గుండ్రటి అక్షరాలతో ఒక లావుపాటి పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన పోయాక ఆ పుస్తకం చదవగలిగింది అత్తయ్య ఒక్కతే కాబట్టి అది ఆవిడ పెట్టెలోకి చేరింది. "నువ్వు చదవడం నేర్చుకో, పుస్తకం నీకిచ్చేస్తా" అంది ఒకనాడు. ఆ సంబరంలో నాకు ఆ పూట అన్నం సహించలేదు. కాని గడువు తక్కువ. దసరా వెళ్ళగానే రెండో మగ్గానికి గుంట తవ్విస్తాననీ, అప్పట్నుంచి పొద్దస్తమానం నేను రాట్నం దగ్గరే ఉండాలనీ నాన్న అమ్మతో అంటుంటే విన్నాను. అప్పటికి ఆషాఢం. నా చదువుకు ఉన్నది మూడు నెలలు, అందులోనూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక గంట.

ఆ గంట నాకు దక్కితే కదా. అ, ఆ రెండు రోజుల్లో వచ్చేశాయి. మూడో రోజున అత్తయ్య పలక మీద ఇ రాసి పెట్టింది. దిద్దుదామని బలపం ఆనించానో లేదో వాకిట్లో ఎవరో "అమ్మాయ్!" అన్నారు, అత్తయ్య లేచి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నెల్లాళ్ళు నేను ఇ దగ్గరే ఉండిపోయాను. దాని సుడులు దిద్దీ దిద్దీ అది ఒకరోజు జిలేబీలాగా, ఒకరోజు ముడుచుకున్న పిల్లిలాగా తయారయ్యేది. ఈ లెక్కన దసరాకి నేను ఈ దాకానైనా పోతానా అని పలక ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిన రోజు కూడా ఉంది.

శ్రావణంలో నూలు దిగింది. అత్తయ్య ఒకే రోజుకి మూడిళ్ళకు మాటిచ్చింది. ఎదురింటి పెద్దమ్మ పడుగు అతుకుతుండగా మూడో ఇంటివాళ్ళు రెండుసార్లు మనిషిని పంపారు. ఆ తొందరలో ఎక్కడో ఒక పాత పోగును దాటేసి పక్కదానికి అతికింది. అక్కడ్నుంచి ప్రతి పోగూ తన చోటు వదిలి పక్కింటికి కాపురానికి పోయినట్టయింది. చివర కొత్త పోగు ఒకటి ఒంటరిగా మిగిలింది. మామూలుగా అయితే అత్తయ్య అక్కడే ఆగి వెనక్కి వెతుక్కునేది. ఆరోజు "ఎక్కువొచ్చిందేమోలే" అనుకుని దాన్ని పుటుక్కున తెంపేసి లేచింది. మర్నాడు పెద్దమ్మ కొడుకు జానెడు నేసేసరికి అంచు చెదిరిపోయి, బట్ట మధ్యలో పోగు లేని గీత ఒకటి పొడుగ్గా కనబడింది. పెద్దమ్మ తిడితే బాగుండేది. "పోనీలేవే అమ్మాయ్, అలిసిపోయి ఉంటావ్" అంది. దాంతో అత్తయ్య కళ్ళు నిండిపోయాయి. ఆ తప్పు విప్పి మళ్ళీ అతకడానికి ఇంకో రోజున్నర పట్టింది. అది విని ఆ వారం మాటిచ్చిన తక్కినవాళ్ళంతా మూతులు ముడుచుకున్నారు.

అపచారం జరిగిందని అత్తయ్య మనసు పీకింది. నామం చెప్పుకుంటూ చేసే పనిలో తప్పు రావడమేంటని. శనివారం నన్ను వెంటబెట్టుకుని కొండెక్కింది. చెంబుతో పోతే చాలని అమ్మ చెప్పినా వినక, బెల్లం, మిరియాలు, యాలకులు వేసి బిందెడు పానకం కలిపింది. ఆ మెట్లన్నీ బిందె చంకన పెట్టుకుని ఎక్కింది. మధ్యలో నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు, "నా తప్పుకి నేనే మొయ్యాలి" అని. పైన గుళ్ళో అర్చకస్వామి శంఖంతో పానకం పోస్తుంటే స్వామి నోట్లో గుటగుటమని చప్పుడు. చిన్నప్పట్నుంచీ వింటున్నా ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు జలదరించేది. దేవుడు మన ఎదురుగా తాగుతున్నాడు! కాసేపటికి గుటక ఆగిపోయింది. అర్చకస్వామి మిగతా పానకం ఉన్న బిందె అత్తయ్య చేతికి తిప్పి ఇచ్చారు.

"స్వామీ, ఇంకా సగం ఉందండీ" అంది అత్తయ్య దిగులుగా. "నా మీద కోపమేమో ఆయనకి. మొత్తం పుచ్చుకోరా?"

అర్చకస్వామి నవ్వారు. "కొత్తగా అడుగుతావేమమ్మా? చెంబు తెచ్చినా సగమే, బిందె తెచ్చినా సగమే. ఎవరు తెచ్చినా ఆయన పుచ్చుకునేది సగం. మిగతాది మీ ప్రసాదం."

అత్తయ్య బిందె ఎత్తుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. సగం దారిలో ఒక మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. మొదట భయపడ్డాను. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది, ఎందుకో తెలియకుండానే ఇద్దరం నవ్వాం. కింద పచ్చటి చేల మధ్య బెజవాడ రైలు బొమ్మలాగా పోతోంది. "చూశావటే అమ్మడూ! ఎంత పెద్దవాళ్ళు తెచ్చినా, ఎంత బతిమాలినా, సగం చాలని తిప్పి ఇచ్చేస్తాడు. ఒక్కళ్ళయినా నొచ్చుకుంటున్నారా? కళ్ళకద్దుకుని తాగుతున్నారు. అంత స్వామికి లేని మొహమాటం నాకెందుకే?" అంది. అప్పటికప్పుడు ఇద్దరం దోసిళ్ళు పట్టి ఆ ప్రసాదం తాగాం. ఎండలో అంత తియ్యటి పానకం మళ్ళీ నేను తాగలేదు.

మర్నాటి నుంచి మా వీధికి సరదాయే సరదా. ఎవరి పడుగైనా సరే, అత్తయ్య పొద్దున్నే వెళ్ళి సగం దాకా అతికేది. అన్నం వేళకు చేతుల బూడిద దులుపుకుని లేచేది. మొదటి రోజు ఎదురింటి పెద్దమ్మ నోరు వెళ్ళబెట్టింది. "అదేంటే, సగంలో లేచిపోతావ్?"

"ఇవతలి సగం నేను అతికాను పెద్దమ్మా. అవతలి సగం మీ కోడలు అతుకుతుంది. పొద్దుట్నుంచీ నా పక్కనే కూర్చుని చూసిందిగా."

"దానికేం వచ్చే? దాని వేళ్ళు చూడు, దొండకాయల్లాగా!"

"దొండకాయలైనా పదున్నాయిగా పెద్దమ్మా. నాకూ పదే."

కోడలు తల వంచుకుని కిసుక్కున నవ్వింది. ఆరోజు చీకటిపడే దాకా అతికింది, మూడుచోట్ల తప్పు పెట్టింది, మూడుసార్లూ తనే విప్పుకుంది. రెండు నెలలు తిరిగేసరికి ఆ దొండకాయ వేళ్ళ కోసమే పక్క వీధివాళ్ళు వచ్చేవాళ్ళు. అలా వీధిలో నలుగురైదుగురికి పని వచ్చింది. అందరికీ అన్నీ తనే చేసిపెట్టినన్నాళ్ళూ ఒక్కరికీ రాలేదు. పురుటికీ జ్వరానికీ మాత్రం సగం మాట లేదు, పూర్తిగా చెయ్యాల్సిందేనని అత్తయ్య తనే ఒక కట్టు పెట్టుకుంది. తక్కినవాటికి అరిసెలైనా సగమే, అప్పడాలైనా సగమే. చివరింటి వదిన ఒకావిడ తెలివిగా, "వదినా, నాకు రెండు పడుగులు అతకాలి" అని వచ్చింది, సగమంటే ఒకటి పూర్తిగా అవుతుంది కదా అని. అత్తయ్య బియ్యం ఏరుతూ తలెత్తింది. "నీకున్నది ఒక్క మగ్గమే కదా వదినా. రెండో పడుగు ఎక్కడ వేస్తావ్, మా అన్నయ్య నెత్తి మీదా?" వదిన కూడా నవ్వి అరుగు మీద కూర్చుండిపోయింది. మామయ్యకైతే పండగే. ఒకపూట కంచం ముందు కూర్చుని, "ఏమే, అన్నం కూడా సగమేనా, లేక మొగుడికేమన్నా మినహాయింపు ఉందా?" అన్నాడు. ఆ పూట నెయ్యి రెండు గరిటెలు పడింది.

అన్నింటికన్నా మించి, నా గంట నాకు దక్కింది. అన్నాలయ్యాక అత్తయ్య దొడ్డి తలుపు పక్కన చాప వేసేది. వాకిట్లోంచి ఎవరు పిలిచినా, "సాయంత్రం రండమ్మా, ఇప్పుడు పిల్లకి చెప్పుకుంటున్నా" అని అక్కడ్నుంచే అనేది. మొదట్లో ఆ మాట తల వంచుకుని, చాప అంచు లాగుతూ అనేది. తరవాత్తరవాత పాటలాగా వచ్చేసేది. ఇ దాటాను. ఒత్తులు వచ్చాయి. అత్తయ్య చెప్పడం అయ్యాక చెయ్యి తలకింద పెట్టుకుని పావుగంట పడుకునేది. అది చూసి మామయ్య గుమ్మంలో నిలబడి, "పెళ్ళయ్యాక దీని కళ్ళు పగలు మూతపడటం ఇదే చూడ్డం" అని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయేవాడు. దసరాకి వారం ముందు తాతయ్య పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. కూడబలుక్కుంటూ చదువుతున్నాను.

సరిగ్గా అప్పుడే నాన్న తొందరపడ్డాడు. నూలు ముందే దొరికిందట. దసరా దాకా ఆగకుండా గుంట తవ్వించేశాడు, మగ్గం దించేశాడు, ఇదివరకు వేరెవరో నేసిన పాత మగ్గం కాబట్టి పాత పోగుల కొసలు దానికే ఉన్నాయి. పడుగు అతికితే చాలు. "అక్కా, రేపు నాకు పూర్తిగా రావాలి. రేపు అతికేస్తే ఎల్లుండి ముహూర్తం బాగుంది" అన్నాడు. ఎల్లుండి నుంచి నేను రాట్నం దగ్గర. నా చదువు అంతటితో సరి. అత్తయ్య నా వంక చూసింది. ఊరందరికీ సగమంటే నవ్వి ఊరుకున్నారు. సొంత తమ్ముడితో అంటుందా?

మర్నాడు పొద్దున్నే వచ్చింది. చాలా చక్కగా అతికింది. అన్నం వేళకు లేచి చేతులు దులుపుకుంది.

నాన్న మొహం ఎర్రబడింది. "ఇంట్లోవాడికి కూడా సగమేనా అక్కా?"

"ఇంట్లోవాడికి కాకపోతే బయటివాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పన్రా తమ్ముడూ? ఈ గంట పిల్లది. నీకిస్తే దాన్ని తీసి ఇచ్చినట్టే."

"అక్షరాలు కూడు పెడతాయా?"

"నాకు పెట్టలేదు. నాన్న మాట నాకు వినబడుతుంది, నీకు వినబడదు. అంతే తేడా."

నాన్న మగ్గం ముందు కూర్చుని, అలకతో తనే పోగులు అతకడం మొదలుపెట్టాడు. అడ్డపోగు నడిపే నాడె విసిరి విసిరి గట్టిపడిన ఆ వేళ్ళకి సన్నపోగు చిక్కడం లేదు. అత్తయ్య ఎక్కడికీ పోలేదు. ఆయన పక్కనే చాప వేసి, "చదవ్వే" అంది. నాన్న ఎదుట చదవడం అదే మొదలు. నాలుక మడతపడింది. ఒక పాట ఎలాగో పూర్తిచేశాను. ఆ పాట కింద, పేజీ అంచున సన్నగా ఇంకేదో రాసి ఉంది. అది పాట కాదని తెలియక అదే ఊపులో చదివేశాను. "ఈ పాటప్పుడు అబ్బాయి ఒళ్ళోకెక్కి తాళాలు లాక్కుంటున్నాడు. వాడి చేతికి చిన్న తాళాల జత ఒకటి చేయించాలి."

నాన్న చేతిలో పోగు ఆగిపోయింది. "అది పాటేనా?" అన్నాడు.

"కాదురా" అంది అత్తయ్య. "అంచున నాన్న రాసుకున్నది. ఇన్నేళ్ళూ పాటలు చూడ్డమే గాని నేను అంచులు చదవలేదు. ఎప్పుడు తీరింది గనక?"

"అబ్బాయంటే నేనే కదూ?"

"ఇంకెవర్రా, నాన్నకున్న అబ్బాయివి నువ్వొక్కడివే."

నాన్న పోగు వదిలేసి చాప అంచుకి జరిగాడు. ఎనిమిదో ఏట తనను గుంటలోకి దింపిన తండ్రి ఒళ్ళో తను తాళాలు లాక్కున్న సంగతి ఆయనకు గుర్తుండదు కదా. "ఏదీ, ఇంకోసారి చదువు తల్లీ" అన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. ఆ పగలు పడుగు సగంలోనే ఉండిపోయింది, దాంతో మర్నాటి ముహూర్తం కూడా తప్పిపోయింది. సాయంత్రం లేస్తూ నాన్న నాతో అన్నాడు, "రాట్నం పొద్దుటిపూట తిప్పు. అన్నాలయ్యాక దాని జోలికి పోకు. ఆ పుస్తకంలో ఇంకా ఏం రాశాడో చూసి నాకు చెబుతూండు."

అలా పెళ్ళయి బెజవాడ కాపురానికి వచ్చేదాకా నా మధ్యాహ్నాలు నావే అయ్యాయి. పుస్తకం అంచుల్లో తాతయ్య చాలానే రాశాడు. వాన పడిందని, కూతురు మొదటిసారి తన పేరు రాసిందని, పక్కింటావిడ మజ్జిగ పుల్లగా ఉందని. రోజుకొకటి నాన్నకు చదివి వినిపించేదాన్ని, ఆయన మగ్గం ఆపి వినేవాడు. నాకు ఇంతటి భాగ్యం ఇచ్చినందుకు అత్తయ్యకు, ఆవిడకు ధైర్యమిచ్చినందుకు స్వామికి రోజూ చేతులెత్తి మొక్కుతాను. ఆ రోజుల్లో మా వీధిలో అతికిన పడుగులన్నీ చీరలై, ఎవరెవరో కట్టుకుని, చిరిగి ఎప్పుడో పోయాయి. ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టుకున్న ఆ మధ్యాహ్నాలకు మాత్రం ఇంకా పాతబడటం తెలియలేదు.